పాత మౌంటెన్ బైక్‌కి ఏ హ్యాండిల్‌బార్? జవాబు 1976 నుంచి మొదలవుతుంది

ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్ళిన మనవాళ్ళు చాలామంది అక్కడ తక్కువ రేటుకి దొరికిందని 1990ల నాటి పాత మౌంటెన్ బైక్ కొంటారు. ఫ్రేమ్ గట్టిగానే ఉంటుంది. కానీ ఎక్కి కూర్చుంటే చేతులు దగ్గరగా, ఒళ్ళు ముందుకి వాలిపోయి, దిగుడులో తలకిందులుగా పడతామేమో అనిపిస్తుంది. అప్పుడు వచ్చే డౌట్ ఒకటే: "బ్రో, ఇప్పటి బైకులకి ఉన్నట్టు 780 మిల్లీమీటర్ల బార్ వేసేయొచ్చా?"

దీనికి నా జవాబు: బార్ ఒక్కటే మార్చకండి. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ బ్రిడ్జి దాటితే మారిన్ కౌంటీ. అక్కడ ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర 1976 అక్టోబర్ 21న కొంతమంది కుర్రాళ్ళు మట్టి రోడ్డు మీద, కొండ పైనుంచి కిందికి రేసు పెట్టుకున్నారు. దాని పేరు రీప్యాక్. పెడల్ వెనక్కి తొక్కితే పడే పాత బ్రేకులు కదా, కిందికి వచ్చేసరికి హబ్‌లో గ్రీజు కాలి పొగలొచ్చేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు నింపాలి, అంటే రీప్యాక్ చెయ్యాలి. పేరు అలా వచ్చింది.

వాళ్ళు తొక్కినవి 1930లు, 40ల నాటి లావు టైర్ల బరువు సైకిళ్ళు. వాటికి మోటార్‌సైకిల్ తరహా వెడల్పు బార్లు బిగించేవాళ్ళు. కారణం సింపుల్. గడ్డపార పొడవుగా ఉంటే రాయి తేలిగ్గా కదులుతుంది కదా, ఇదీ అంతే. రాళ్ళ మీద చక్రం పక్కకి తిరగబోతే వెడల్పు బార్‌తో పట్టి ఆపొచ్చు. తర్వాత టామ్ రిచీ చేసిన బుల్‌మూస్ బార్‌లో అయితే బార్, స్టెమ్ కలిపి ఒకటే ముక్క. అది కూడా వెడల్పే. అంటే మౌంటెన్ బైక్ పుట్టిందే వెడల్పు బార్‌తో.

మరి మధ్యలో ఎందుకు చిక్కిపోయింది? రేసుల వల్ల. 1980ల్లో దిగడం కన్నా ఎక్కడం ముఖ్యమైపోయింది. బరువు తగ్గాలి, చెట్ల మధ్య దూరిపోవాలి, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం లేవకూడదు. దాంతో బార్ 560 మిల్లీమీటర్ల దాకా తగ్గింది, స్టెమ్ 130, 140 దాకా సాగింది. 1990లో కొలరాడోలోని డురాంగోలో మొదటి అధికారిక ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. ఆ సీజన్‌లో జాన్ టొమాక్ ఏకంగా రోడ్ బైక్ వంపు బార్‌తో మౌంటెన్ రేసుల్లో దిగాడు. ఆలోచన రోడ్ రేసింగ్ వైపు ఎంత వెళ్ళిపోయిందో చూడండి.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ రోజుల్లో ఫ్రేమ్ గీసినవాళ్ళు "దీనికి పొడవు స్టెమ్ వస్తుంది" అనే లెక్కతోనే ఫ్రేమ్‌ని పొట్టిగా ఉంచారు. ఇప్పటి ఫ్రేములు పొడుగు. అందుకే వాటికి 50 మిల్లీమీటర్ల స్టెమ్, 780 బార్ సరిపోతాయి. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బార్, స్టెమ్, ఫ్రేమ్ మూడూ ఒకదానిమీద ఒకటి ఆధారపడ్డ డిపెండెన్సీలు. ఒకటి అప్‌డేట్ చేస్తే మిగతా రెండూ చూసుకోవాల్సిందే.

పాత స్టెమ్ ఉంచేసి 780 బార్ వేస్తే చేతులు బాగా విచ్చుకుని ఛాతీ ఇంకా ముందుకి వంగుతుంది. భయం తగ్గదు, పెరుగుతుంది. పోనీ 50 స్టెమ్ వేస్తే పొట్టి ఫ్రేమ్‌లో ఇరుక్కున్నట్టు ఉంటుంది, ఎత్తులో ముందు చక్రం తేలిపోతుంది. నా సలహా మధ్యదారి: 640 నుంచి 680 బార్, కొంచెం పైకి లేచింది, దానికి 80 నుంచి 100 స్టెమ్. మొదటి వారం నడిపి చూసి, ఇంకా వెడల్పు అనిపిస్తే చివర్లు కోసుకోవచ్చు. కోసింది మళ్ళీ అతకదు కాబట్టి తొందరపడకండి.

కొనేముందు కొలతలు చూసుకోండి. పాత బైకుల్లో స్టెమ్ పట్టుకునే చోట బార్ మందం సాధారణంగా 25.4 మిల్లీమీటర్లు. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా 31.8, 35 దొరుకుతాయి. అవి పాత స్టెమ్‌లో పట్టవు. చేతిపట్టు దగ్గర మాత్రం అప్పుడూ ఇప్పుడూ 22.2. అందుకే మీ పాత బ్రేక్ లివర్లు, గేర్ షిఫ్టర్లు కొత్త బార్‌కి ఎక్కేస్తాయి. టొమాక్‌లా వంపు బార్ వేద్దామనుకుంటే అక్కడ మందం 23.8. ఇవి ఎక్కవు, బ్రేకుల దగ్గర్నుంచి అన్నీ మార్చాలి.

ఇంకోటి. పాత స్టెమ్‌లలో చాలావాటికి ముందు మూత విప్పదు, బార్‌ని పక్కనుంచి దూర్చాలి. వంపులున్న బార్ అందులోంచి రాదు. మూత విప్పే స్టెమ్ తీసుకోండి. అది ఫోర్క్ లోపలికి దిగే రకమైతే, దానిమీద కనీస లోతు గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనిపించేలా ఎప్పుడూ పైకి లాగకండి. బార్ బిగించాక హ్యాండిల్‌ని రెండువైపులా పూర్తిగా తిప్పండి. కేబుళ్ళు లాగేసినట్టుంటే పొడవువి వేయించండి.

చివరిగా, డబ్బు మిగులుతుందని వాడేసిన పాత అల్యూమినియం బార్ కొనొద్దు. స్టీల్ అయితే సాధారణంగా ముందు వంగి చెబుతుంది. అల్యూమినియం ఏళ్ళ తరబడి అలసిపోయి ఒక్కసారిగా విరుగుతుంది. మీ బైక్‌కి ఉన్నదాన్ని కూడా స్టెమ్ దగ్గర విప్పి చూడండి. చీలిక, లోతైన గీత, వంపు ఏది కనిపించినా మార్చేయండి. కొత్త బార్ రేటు పన్నుకి క్యాప్ వేయించే ఖర్చు కన్నా చాలా తక్కువ.

ముప్ఫై ఏళ్ళ నాటి ఆ ఫ్రేమ్‌ని ఇప్పటి బైక్‌లా మార్చాల్సిన పని లేదు. దాని లెక్క దానికుంది, ఆ లెక్క తెలుసుకుని కొంటే చాలు. జాగ్రత్తగా తొక్కండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.