ఎవరు గీసిన బొమ్మ? వీడియో గేముల్లో స్త్రీ, సైబరాబాద్ దాకా ఒక చరిత్ర

వీడియో గేమ్ అంటే మగపిల్లల కాలక్షేపమన్న అభిప్రాయం ఆ యంత్రంతో పాటు పుట్టినది కాదు. వ్యాపార అవసరాల వల్ల ఒకానొక కాలంలో తయారైన ఆ అభిప్రాయం తర్వాతి తరాలకు ప్రకృతి సహజమైనదిగా కనిపించసాగింది. 1972లో అటారీ సంస్థ తెచ్చిన 'పాంగ్' రెండు గీతలతో, ఒక చుక్కతో ఆడే టేబుల్ టెన్నిస్ కావడంతో అందులో ఆడామగా తేడాకు చోటే లేదు. 1980లో జపాన్‌లో 'పాక్‌మాన్'ను రూపొందించిన తోరు ఇవతాని, ఆర్కేడ్‌లకు, అంటే నాణెం వేసి ఆడే యంత్రాలున్న హాళ్లకు, స్త్రీలను కూడా రప్పించాలన్న ఉద్దేశంతోనే ఆ ఆటను తుపాకులకు బదులు తిండి చుట్టూ అల్లారు. అదే కాలంలో అమెరికాలో రాబర్టా విలియమ్స్ 'మిస్టరీ హౌస్' (1980)తో బొమ్మలున్న సాహస క్రీడలకు పునాది వేయగా, డోనా బెయిలీ మరో రూపకర్త ఎడ్ లాగ్‌తో కలిసి 'సెంటిపీడ్' (1981)ను, కారల్ షా 'రివర్ రెయిడ్' (1982)ను తయారు చేశారు.

1983లో అమెరికా గేముల మార్కెట్ కుప్పకూలడంతో పరిస్థితి మారింది. ఎలక్ట్రానిక్ దుకాణాల వాళ్లు గేముల పేరెత్తితేనే ముఖం చాటేస్తున్న ఆ రోజుల్లో, 1985లో నింటెండో తన యంత్రాన్ని పిల్లల ఆటవస్తువుగా చూపించి అమెరికాలో అమ్మకానికి పెట్టింది. ఆటవస్తువుల దుకాణాల్లో అప్పటికే మగపిల్లల అరలు, ఆడపిల్లల అరలు వేర్వేరుగా ఉండేవి. గేములు మగపిల్లల అరలకు చేరాయి, ప్రకటనలు వాళ్లనే ఉద్దేశించి తయారయ్యాయి, ఆ ప్రకటనలు చూసి పెరిగినవాళ్లే తర్వాత గేముల తయారీదారులయ్యారు. కొనేవాడు మగపిల్లవాడని ముందే తీర్మానించుకున్నాక, తెర మీది స్త్రీ అతడి చూపు కోసమే రూపుదిద్దుకోవడం ఆ వ్యాపార తర్కానికి కొనసాగింపు.

చెరలోని రాకుమారి

ఆ రూపాల్లో మొదటిది ఆపదలో చిక్కుకున్న అమ్మాయి. 1981 నాటి 'డాంకీ కాంగ్'లో గొరిల్లా ఎత్తుకుపోయిన యువతిని వడ్రంగి కాపాడతాడు. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'లో అతడే ప్లంబర్‌గా మారి రాకుమారిని విడిపించడానికి కోట వెంట కోట దాటుతాడు. మాంత్రికుడి చెర నుంచి రాకుమారిని తోట రాముడు విడిపించే 'పాతాళ భైరవి' (1951)ని తరతరాలుగా చూస్తున్న తెలుగువారికి ఈ కథాసూత్రంలో కొత్తదనమేమీ కనిపించదు. అయితే జానపద కథలో బందీగా ఉన్న స్త్రీ చేతులు ముడుచుకుని కూర్చోదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరును ఏళ్ల తరబడి దూరంగా ఉంచగలిగేది బాలనాగమ్మే, అతడి ప్రాణం చిలుకలో ఉందన్న గుట్టును రాబట్టేదీ ఆమే. కొడుకు బాలవర్ధి విజయానికి దారి చూపేది ఆమె తెలివి. గేమ్‌లో చర్య అంటే ఆడేవారి చేతిలోని బటన్ కాబట్టి, ఏ పాత్రకు బటన్ లేదో ఆ పాత్రకు తెలివీ ఉండదు, ఎత్తుగడా ఉండదు. పాత కథలో చెరసాల నుంచే పోరాడిన స్త్రీ కొత్త మాధ్యమంలో గెలిచినవాడికి దక్కే బహుమతిగా మిగిలిపోయింది.

బటన్ స్త్రీపాత్రకు దక్కినప్పుడు కూడా దానికి షరతులు తప్పలేదు. 1986 నాటి 'మెట్రాయిడ్'లో ఆట పొడవునా కవచం మాటున పోరాడిన సామస్ అరాన్ స్త్రీ అని చివర్లో తెలుస్తుంది. అయితే ఆటను ఎంత త్వరగా పూర్తి చేస్తే ఆమె ఒంటి మీద అంత తక్కువ దుస్తులు కనిపించేలా ఆ ముగింపును అమర్చారు. 1996లో ఇంగ్లండ్‌లోని డెర్బీ నగరపు కోర్ డిజైన్ సంస్థ 'టూంబ్ రెయిడర్'తో తెచ్చిన లారా క్రాఫ్ట్ చదువు, సాహసం రెండూ ఉన్న నాయికే అయినా, ప్రచారమంతా ఆమె శరీరాకృతి చుట్టూనే తిరిగింది. రియానా ప్రాచెట్ కథ రాసిన 2013 నాటి కొత్త 'టూంబ్ రెయిడర్'లో లారా రూపం, కథ, భయం, బాధ మామూలు మనిషికి దగ్గరగా వచ్చాయి.

కాంట్రాక్టు పని కాలం

1998 నవంబర్‌లో ఐటీ సంస్థల నెలవైన సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక, సైబరాబాద్ అన్న పేరు కూడా తెచ్చుకున్న హైదరాబాద్‌లో పెరిగిన గేముల రంగం ఎక్కువగా కాంట్రాక్టు పనిగానే ఎదిగింది. విదేశీ సంస్థ ఆటను ఊహించి, పాత్రను నిర్ణయించి పంపితే, ఇక్కడివాళ్లు దాన్ని రకరకాల ఫోన్లకు సరిపోయేలా మార్చడం, త్రీడీ బొమ్మలు తయారు చేయడం, ఆడి చూసి తప్పులు పట్టడం వంటి పనులు చేసేవారు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, గేమ్‌లాఫ్ట్ వంటి అంతర్జాతీయ సంస్థలు ఇక్కడ స్టూడియోలు తెరిచాయి. ఇలాంటి ఏర్పాటులో నాయిక ఏ దుస్తుల్లో, ఎంత వయసులో, ఎంత మాటకారిగా ఉండాలన్న నిర్ణయం ఆ బొమ్మకు మెరుగులు దిద్దే మనిషి చేతికి రాదు. తెర మీది స్త్రీ రూపానికి బాధ్యులెవరన్న ప్రశ్న కూడా ఆ దూరం వల్లే ఇక్కడ గట్టిగా వినిపించలేదు.

సొంత కథలు మొదలైనప్పుడు అవి సహజంగానే తెలిసిన దారినే పట్టాయి. 2009లో హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్', పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా, అంటే టీవీకి తగిలించి ఆడే యంత్రానికి తయారైన ఆటగా, పేరు తెచ్చుకుంది, దాని నాయకుడు బాల హనుమంతుడు. 2017లో ఇక్కడి ఓగర్ హెడ్ స్టూడియో విడుదల చేసిన 'అసుర'లోనూ ఆడేవారు అసుర వీరుడి పాత్రలోనే పోరాడతారు. నగరానికే చెందిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2008 నుంచి అందిస్తున్న 'ఛోటా భీమ్' ఆధారంగా మొబైల్ గేములు కూడా వచ్చాయి గానీ, ఆ కథాలోకంలో భీముడి స్నేహితురాలు చుట్కీ అనగానే గుర్తొచ్చేది భీముడికి లడ్డూలు అందించే చేయే. 2020 జూన్‌లో భీముడు చుట్కీని కాదని రాకుమారి ఇందుమతిని పెళ్లాడాడన్న ప్రచారంతో సోషల్ మీడియాలో చుట్కీకి న్యాయం చేయాలన్న నినాదం మార్మోగినప్పుడు, ఆ పాత్రలింకా చిన్నపిల్లలేనని సంస్థ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. సరదాగా సాగినదే అయినా ఆ గొడవలో ఒక అలవాటు బయటపడింది: చుట్కీకి సొంత సాహసం కావాలని కోరినవాళ్ల కంటే పెళ్లికొడుకు కావాలని కోరినవాళ్లే ఎక్కువ.

గొంతు వినిపిస్తే చాలు

ఆడేవారి వైపు చరిత్ర మరోలా నడిచింది. 2000ల దశకంలో హైదరాబాద్ యువత 'కౌంటర్ స్ట్రైక్' వంటి ఆటలు ఆడిన ఇంటర్నెట్ కేఫ్‌లు మగపిల్లల అడ్డాలుగా ఉండగా, 2016 తర్వాత చవకైన డేటా, చేతిలోని ఫోన్ ఆ గుమ్మం దాటవలసిన అవసరాన్ని తప్పించాయి. 2018లో వచ్చిన పబ్జీ మొబైల్‌ను, 2020 సెప్టెంబర్‌లో దేశంలో దాన్ని నిషేధించాక దాని స్థానంలో 2021లో వచ్చిన బీజీఎంఐని అమ్మాయిలు కూడా ఆడారు. కానీ ఆటగాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వాయిస్ చాట్ పాత గుమ్మాన్ని కొత్త చోట నిలబెట్టింది. గొంతు వినగానే అమ్మాయి అని తెలిసిపోయి, వెకిలి మాటలకో, అక్కర్లేని సలహాలకో గురికావలసి వస్తుందని మైక్ ఆపేసి ఆడేవారు, మగపేరు పెట్టుకుని ఆడేవారు ఎందరో ఉన్నారు.

ప్రపంచ స్థాయిలో ఈ శత్రుత్వం పరాకాష్టకు చేరింది 2014లో. గేముల్లో స్త్రీపాత్రలను విశ్లేషిస్తూ వీడియోలు చేసిన అనితా సర్కీసియన్ ఆ ఏడాది అక్టోబర్‌లో అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో ప్రసంగించవలసి ఉండగా, సామూహిక కాల్పులు జరుపుతామన్న బెదిరింపు వచ్చినా సభకు తుపాకులు రాకుండా ఆపడానికి అక్కడి చట్టం ఒప్పుకోకపోవడంతో ఆమె దాన్ని రద్దు చేసుకున్నారు. 'గేమర్‌గేట్' పేరిట గేముల రంగంలోని స్త్రీల మీద సాగిన ఆ వేధింపుల నెలలోనే, అక్టోబర్ 24న, హైదరాబాద్‌లో రోడ్ల మీద, బస్టాపుల్లో ఆకతాయిల ఆట కట్టించడానికి పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాయి. రెండింటికీ సంబంధం లేకపోయినా ఆ పోలికలో ఒక పాఠముంది: వీధిలో వేధిస్తే మఫ్టీలోని పోలీసుకు దొరికిపోతామన్న జంకు పుట్టింది, ఆటలోని గదికి మాత్రం అలాంటి కాపలా రాలేదు.

మియాపూర్ నుంచి మాదాపూర్ దాకా

2017 నవంబర్ 28న ప్రధాని నరేంద్ర మోదీ మియాపూర్‌లో హైదరాబాద్ మెట్రోను ప్రారంభించి, అదే రోజు మాదాపూర్ వైపున్న హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సును ఆరంభించారు; మహిళకే ప్రథమ స్థానమన్నది ఆ సదస్సు నినాదం. అంతకు ముందే, 2016లో, రాష్ట్ర ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 'ఇమేజ్' విధానాన్ని ప్రకటించగా, 2018 మార్చి 8న మహిళా పారిశ్రామికవేత్తల కోసం వీ హబ్ మొదలైంది. దేశంలోని గేమ్ తయారీదారుల వార్షిక సమావేశం కూడా తర్వాతి ఏళ్లలో హెచ్‌ఐసీసీలో జరిగింది. ఇలా స్త్రీల పురోగతి, గేముల పురోగతి ఒకే ఊళ్లో, ఒకే దశకంలో, పక్కపక్కనే ప్రభుత్వ లక్ష్యాలయ్యాయి గానీ ఆ రెండు దారులూ ఎక్కడ కలవాలన్న ఆలోచన మాత్రం వెనకబడింది.

ఆ దారులు కలవకపోతే ఏమవుతుందో 2021లో అమెరికాలో తెలిసింది. యాక్టివిజన్ బ్లిజార్డ్ సంస్థలో స్త్రీలకు వేతన వివక్ష, వేధింపులు ఎదురవుతున్నాయని కాలిఫోర్నియా ప్రభుత్వం దావా వేసింది. ఆరోపణలను ఖండించిన సంస్థ 2023 డిసెంబర్‌లో సుమారు 5.5 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. విస్తృతంగా వేధింపులు జరిగాయని ఏ కోర్టూ నిర్ధారించలేదన్న మాట కూడా ఆ ఒప్పందంలో చేరింది. అప్పటికే ఆ సంస్థ, 1998 నుంచి హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం నడుపుతున్న మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చింది. భారతదేశంలో 2013 నాటి చట్టం పది మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతి కార్యాలయంలోనూ లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని చెబుతుంది కనుక గేమ్ స్టూడియోలకూ అది వర్తిస్తుంది. అయితే ఉద్యోగినికి రక్షణనిచ్చే ఆ చట్టం పరిధిలోకి ఆమె గీసే బొమ్మ రాదు.

ఆ బొమ్మను మార్చే పని జరగవలసింది రూపకల్పన బల్ల దగ్గరే. 2020లో పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ విడుదల చేసిన 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్'లో రాక్షసులు ఎత్తుకుపోయేది తమ్ముణ్ని, దుర్గమ్మ ఇచ్చిన త్రిశూలంతో వాడి కోసం బయలుదేరేది అక్క, సంస్థ స్థాపకుల్లో ఒకరైన శ్రుతి ఘోష్ దాని చిత్రకళకు నేతృత్వం వహించారు. అదే ఏడాది బెంగళూరు గేమ్ డిజైనర్ పూర్ణిమా సీతారామన్ 'విమెన్ ఇన్ గేమ్స్' సంస్థ గౌరవ శ్రేణిలో చోటు పొందిన తొలి భారతీయురాలయ్యారు. బటన్ ఎవరి చేతికి ఇవ్వాలో నిర్ణయించే చోట స్త్రీ ఉన్నప్పుడు కథ దిశ మారగలదనడానికి 'రాజీ' నిదర్శనం. సైబరాబాద్ స్టూడియోలు కాంట్రాక్టు పని దాటి సొంత కథల వైపు అడుగు వేసేకొద్దీ నాయిక రూపాన్ని ఎక్కడో విదేశాల్లో నిర్ణయించారన్న సాకు చెల్లదు. ఇక ముందు ఆ బొమ్మకు పొగడ్త వచ్చినా, తెగడ్త వచ్చినా దాన్ని గీయించినవాళ్ల చిరునామా ఇక్కడిదే అవుతుంది.