నేల కింది నీళ్లు, కెమెరా కళ్లు

బీదరు అనగానే మీకు కోట, మహమూద్ గవాన్ మదర్సా గుర్తుకొస్తాయి. వాటి ఫోటోలకు కొదవ లేదు. గులాం యజ్దానీ గారు 1947లో వెలువరించిన బీదరు చరిత్ర గ్రంథంలోనే ఎన్నో ఉన్నాయి. మరి నేల కింద ఉన్న బీదరు సంగతి?

బీదరు ఎర్రరాతి పీఠభూమి మీద ఉంది. వాననీరు ఆ రాతి రంధ్రాల గుండా దిగి, అడుగునున్న గట్టి పొర దగ్గర ఆగి పక్కకు పారుతుంది. ఆ ఊటను పట్టుకొని పారసీక విద్యతో 15వ శతాబ్దంలో, బహమనీల కాలంలో తొలిచిన సొరంగమే నౌబాద్ కరేజ్. పైన అక్కడక్కడ బావుల్లాంటి గాలి మార్గాలుంటాయి. వాటిలో కొన్ని మట్టితో, చెత్తతో పూడిపోయాయి. కేరళ భూగోళ అధ్యాపకులు వి. గోవిందన్‌కుట్టి గారు 2010 తర్వాత కొలతలు తీసి పటాలు గీశాకే దాని విలువ చాలామందికి తెలిసింది. పటంతోపాటు ఫోటో కూడా సాక్ష్యమే. బావి పూడిపోయాక, ఇక్కడ బావి ఉండేదంటే ఎవరు నమ్ముతారు?

నీళ్లలో ఫోటో తీయడం కొత్త విద్యేమీ కాదు. 1893లో ఫ్రాన్సు దక్షిణ తీరంలో లూయీ బూతాన్ అనే జీవశాస్త్రజ్ఞుడు, సోదరుడు అగస్ట్ రూపొందించిన నీరు చొరని పెట్టెలో కెమెరా పెట్టి సముద్రంలోకి దిగారు. వెలుగు కోసం మెగ్నీషియం మండించే దీపం కూడా చేయించారు. 1963లో నికాన్ వారి నికోనాస్ వచ్చింది. దానికి పెట్టె అక్కర్లేదు, కెమెరాయే నీటికి తట్టుకునేది. 2001లో దాని తయారీ ఆగిపోయింది.

ఇక మన అవసరం చూద్దాం. ఝరణీ నరసింహస్వామి గుహలో భక్తులు దాదాపు 300 మీటర్లు నడుము నుంచి ఛాతీ లోతు నీళ్లలో నడిచేవారు. పైన గబ్బిలాలు, చుట్టూ చీకటి. సముద్రపు పుస్తకాలు ఎర్ర ఫిల్టరు కొనమంటాయి. ఛాతీ లోతు నీటికి అది దండగ ఖర్చు. ఆ డబ్బు దీపానికి పెట్టండి. దీపాన్ని కెమెరాకు ఆనించి పెడితే నీటిలోని మట్టిరేణువులే తెల్లగా మెరుస్తాయి, మంచులో లారీ లైటు వేసినట్టు. ఒక కర్రకు కట్టి పక్కకు పట్టుకోండి. చదును అద్దం వెనకనుంచి నీళ్లలోని వస్తువు మూడోవంతు పెద్దదిగా కనిపిస్తుంది గనుక, విశాలంగా చూసే లెన్సు తీసుకొని దగ్గరగా వెళ్లండి.

పెట్టె కొంటే ముందు ఖాళీగా, లోపల కాగితం పెట్టి, బకెట్‌లో ముంచి చూడండి. రబ్బరు వలయం మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీరు చొరబడుతుంది. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల సిలికా జెల్ పొట్లం వేయండి. గుడిలోనైతే ముందు అర్చకులను అడగండి. కరేజ్‌లో అధికారుల అనుమతి, తోడు లేకుండా దిగవద్దు. లోపలి గాలిని నమ్మలేం.

అన్నిటికంటే చవకైన పరికరం ఒకటుంది: అంకెలు వేసిన కొలబద్ద. అది ఫోటోలో కనబడేలా పెట్టి, తేదీ, ఏ గాలి మార్గమో, ఏ దిక్కుకు తిరిగి తీశారో నోటుబుక్కులో రాసుకోండి.