శుభ్రమైన దూది పుల్ల చేసిన పొరపాటు

2007 ఏప్రిల్ 25న జర్మనీలోని హైల్‌బ్రోన్ నగరంలో ఒక యువ పోలీసు అధికారిణి హత్యకు గురైంది. ఆమె కారులో సేకరించిన నమూనాలలో ఒక అపరిచిత స్త్రీ డీఎన్ఏ కనిపించింది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ దేశాలలో సుమారు 40 నేరస్థలాలలోనూ అదే డీఎన్ఏ! హత్యలలోనూ ఆమే, చిల్లర దొంగతనాలలోనూ ఆమే. ఆచూకీ చెప్పినవారికి 3 లక్షల యూరోల బహుమతి ప్రకటించారు.

2009లో ఒక పురుషుని గుర్తింపు కోసం జరిపిన పరీక్షలో కూడా ఆ స్త్రీ డీఎన్ఏయే రావడంతో అనుమానం మొదలైంది. చివరకు అది నమూనాలు తీసే దూది పుల్లలను ప్యాక్ చేసిన కార్మికురాలిదని తేలింది. ఆమె ఏ నేరమూ ఎరుగదు. అసలు హంతకులైన నయా నాజీ ముఠా ఆనవాళ్లు 2011లో గాని బయటపడలేదు.

ఆ పుల్లలు స్టెరిలైజ్ చేసినవే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. అయితే మా వైద్యుల భాషలో స్టెరైల్ అంటే బ్రతికి ఉన్న సూక్ష్మజీవులు లేవని మాత్రమే అర్థం. రాలిపడిన చర్మకణం మృతి చెందినా దానిలోని డీఎన్ఏ మిగిలే ఉంటుంది. ఈ తేడాను గుర్తించి, ఇటువంటి పరికరాల తయారీకి 2016లో ఐఎస్ఓ 18385 అనే ప్రమాణాన్ని వెలువరించారు.

డీఎన్ఏ ఎవరిదో పరీక్ష చెప్పగలదు. అక్కడికి ఎలా చేరిందో చెప్పలేదు. కనుక ఇకపై ‘డీఎన్ఏ సరిపోయింది’ అన్న వార్త చదివినప్పుడు, వాడని పుల్లను కూడా పరీక్షించారా అని ఒక్కసారి ఆలోచించండి. ఒక నిర్దోషి భవితవ్యం ఆ ప్రశ్నపై ఆధారపడి ఉండవచ్చు.