వరండాకు వచ్చిన పతకం

1945 డిసెంబరు 8న కాలిఫోర్నియాలోని టాల్బర్ట్ అనే పల్లెలో ఒక రైతు ఇంటికి జనరల్ జోసెఫ్ స్టిల్‌వెల్ వచ్చాడు. బర్మా, చైనా రంగాలలో జపాను సేనలతో తలపడిన సేనాని ఆయన. వెంట తెచ్చినది డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ పతకం. దానిని అందుకోవలసిన స్టాఫ్ సార్జెంట్ కజువో మసుదా అప్పటికి పదిహేను నెలల కిందటే ఇటలీలో, ఆర్నో నది దగ్గర మరణించాడు. చనిపోవడానికి కొన్ని వారాల ముందు, మోర్టారు గొట్టానికి ఆధారపీఠం లేకపోతే తన శిరస్త్రాణాన్నే పీఠంగా పెట్టి గంటల తరబడి ఒంటరిగా పోరాడిన యువకుడతడు. వరండాలో నిలబడి ఆ పతకాన్ని స్వీకరించిన కుటుంబం జపాను నుంచి వలస వచ్చినది.

ఆ వరండా వెనుక నాలుగేళ్ల కథ ఉంది. పెర్ల్ హార్బరుపై బాంబులు పడిన 1941 డిసెంబరు 7వ తేదీనే తండ్రి గెన్సుకే మసుదాను ఎఫ్‌బీఐ నిర్బంధించింది. కజువో అప్పటికే అమెరికా సైన్యంలో ఉన్నాడు. తక్కిన కుటుంబం శిబిరాల పాలై, చివరకు అరిజోనా ఎడారిలోని గిలా రివర్‌కు చేరింది. ఆ ఇంటి కొడుకులు నలుగురు సైన్యంలో పనిచేశారు.

జపాను నుంచి వచ్చిన తొలితరాన్ని ఇస్సేయి అనీ, అమెరికాలో పుట్టిన వారి సంతానాన్ని నిసేయి అనీ అంటారు. పిల్లలు పుట్టుకతోనే పౌరులు. తల్లిదండ్రులు మాత్రం ఎన్ని దశాబ్దాలు అక్కడి నేల దున్నినా పరదేశులే. తకావో ఒజావా కేసులో 1922లో అమెరికా సుప్రీం కోర్టు ఆ సంగతి తేల్చేసింది. మరుసటి ఏడాది అదే న్యాయస్థానం, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక దుస్తులు ధరించిన పంజాబీ భగత్ సింగ్ థిండ్‌కూ తలుపు మూసింది. ఒజావా కాకేసియన్ జాతివాడు కాడు కనుక తెల్లవాడు కాడన్నారు; థిండ్ శాస్త్రరీత్యా కాకేసియనే అయినా సామాన్యుడి దృష్టిలో తెల్లవాడు కాడన్నారు. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టుకొని చదివిన భారతీయుడికి నవ్వాలో ఏడవాలో తెలియదు.

1942 ఫిబ్రవరి 19 నాటి 9066వ అధ్యక్ష ఉత్తర్వు ఫలితంగా దాదాపు 1,20,000 మంది శిబిరాల పాలయ్యారు. వారిలో మూడింట రెండు వంతుల మంది పౌరులే. కుటుంబానికి ఒక గది ఇచ్చారు గాని వంటిల్లు లేదు. గంట కొడితే అందరూ భోజనశాలకు పోవాలి. పిల్లలు తమ స్నేహితులున్న బల్లల దగ్గరకు వెళ్లిపోయేవారు. ఇంటిల్లిపాదీ కలిసి తినడమనేదే చాలా కుటుంబాలలో అంతరించింది. పని చేస్తే నెలకు 12, 16, 19 డాలర్లు. నిర్బంధంలో ఉన్న వైద్యుడికి సైతం ఆ 19కి మించి లేదు. అదే సమయంలో సైన్యంలో కొత్తగా చేరిన జవాను జీతం 50 డాలర్లు. తండ్రి సంపాదించి పోషించే ఇల్లు అనేది ఇక లేదు.

1943 ఫిబ్రవరిలో, నిసేయిలతో 442వ రెజిమెంటును ఏర్పరుస్తున్న రోజుల్లోనే, శిబిరాల్లో ఒక ప్రశ్నావళి పంచారు. 27వ ప్రశ్న కొడుకులకు: ఎక్కడికి పంపినా యుద్ధానికి వెళతావా? 28వది జపాను చక్రవర్తి పట్ల విధేయతను వదులుకోమనేది. ఇస్సేయిలకు అది ఉచ్చు. అమెరికా పౌరసత్వం ఇవ్వదు; జపాను విధేయతను వదులుకుంటే ఏ దేశానికీ చెందనివారవుతారు. అభ్యంతరాలు వచ్చాక ఆ ప్రశ్నను వారికోసం మార్చారు గాని, అప్పటికే ఇళ్లలో చిచ్చు రగిలింది. కుటుంబం చీలిపోతుందనే భయంతో 'కాదు' అని రాయమని బతిమాలిన తల్లులున్నారు. వారి మాట కాదని సైన్యంలో చేరిన కొడుకులున్నారు.

వాదించుకుందామన్నా భాష సరిగా కుదరని ఇళ్లవి. 1941లో సైన్యం సుమారు 3,700 మంది నిసేయి సైనికులను పరీక్షిస్తే, జపనీస్ ధారాళంగా వచ్చినవారు 3 శాతం మందే తేలారు. వయసుకొచ్చిన పిల్లలతో మాతృభాషలో ఒక లోతైన మాట మాట్లాడబోయి ఆగిపోయిన ప్రవాస తల్లిదండ్రులెవరికైనా ఈ అంకె వెనుక ఏముందో తెలుసు. మాటలకు బదులు తల్లులు సెన్నిన్‌బరి కుట్టారు. వెయ్యిమంది స్త్రీలు ఒక్కొక్కరు ఒక్కో ముడి వేస్తే తయారయ్యే రక్షా నడికట్టు అది. జపాను తల్లులు తమ సైనికులకిచ్చే ఆ గుడ్డనే, ముళ్లకంచె లోపల, అమెరికా సైన్యంలోకి వెళ్లే కొడుకుల కోసం ఇంటింటికీ తిప్పారు. సహచరులను కాపాడేందుకు గ్రెనేడు మీద పడి సదావో మునెమోరి 1945 ఏప్రిల్ 5న ఇటలీలో ప్రాణం విడిచిన నాటికి అతని తల్లి మన్జనార్ శిబిరంలో ఉంది.

వెళ్లనన్నవారి కథ వేరు. కుటుంబాలను విడిపించాకే సైన్యానికి పిలవండని నిలిచిన హార్ట్ మౌంటెన్ యువకులలో 63 మందికి 1944లో శిక్ష పడింది. సైన్యంలో పనిచేసి వచ్చిన జాన్ ఒకాడా, 1957 నాటి 'నో-నో బాయ్' నవలలో, అలా నిరాకరించి జైలుకు వెళ్లినవాడినే నాయకుడిగా ఎంచుకున్నాడు. అతని తల్లి జపాను గెలిచిందనే నమ్మకంలోనే బతుకుతుంది. పక్కనే కెంజీ తండ్రి కనిపిస్తాడు. యుద్ధంలో కాలు పోగొట్టుకున్న కొడుకును చూస్తూ తనను తాను నిందించుకునే పెద్దమనిషి. నవలకు ప్రాణం ఈ రెండో ఇల్లేననిపిస్తుంది. అది వెలువడినప్పుడు పట్టించుకున్నవారు తక్కువ. ఒకాడా 1971లో పోయాక, 1976లో మళ్లీ అచ్చయింది.

టాల్బర్ట్‌కు ముందుగా తిరిగొచ్చిన మసుదా కూతురు మేరీని, ఇక్కడ ఉండవద్దని కొందరు ఇంటికొచ్చి బెదిరించారు. స్టిల్‌వెల్ రాకకు నేపథ్యం అదే. అయినా 1948లో కజువో అవశేషాలు స్వదేశానికి చేరినప్పుడు, తెల్లవారికే పరిమితమన్న నిబంధన చూపి స్థానిక శ్మశానవాటిక మంచి స్థలం ఇవ్వడానికి మొదట నిరాకరించింది. పైనుంచి ఒత్తిడి వచ్చాకే దారి ఇచ్చారు. పతక ప్రదానం నాడు జరిగిన సభలో మాట్లాడిన సినీ నటుడు రోనాల్డ్ రీగన్, 1988లో అధ్యక్షుడిగా నష్టపరిహార చట్టంపై సంతకం చేశాడు: మనిషికి 20,000 డాలర్లు, బతికి ఉన్నవారికే. ఇస్సేయిలలో చాలామంది అప్పటికి లేరు.

పౌరసత్వం మాత్రం 1952 చట్టంతో వచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఇరవై ఏళ్లకు పైగా ఆ దేశంలో ఉన్నవారు ఇంగ్లీషు రాకున్నా సొంత భాషలోనే పరీక్షకు కూర్చోవచ్చన్నారు. నెరిసిన తలలతో ఇస్సేయిలు తరగతులకు వెళ్లి, అధ్యక్షుల పేర్లనూ రాజ్యాంగ ప్రకరణాలనూ జపనీస్‌లో వల్లెవేశారు.