తాడు లాగిన గుంటలు

వరాహ నది ఒడ్డున, ఎలమంచిలికి దగ్గర్లో ఉంది మా ఏటికొప్పాక. మొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఊరి పేరు చెప్పగానే బయటివాళ్లు లక్క బొమ్మలంటారు, చెరకు రైతులు సహకార చక్కెర ఫ్యాక్టరీ అంటారు. నేను రాయబోయేది ఈ రెండిటి గురించీ కాదు, ఒక తాడు గురించి.

కరెంటు మోటార్లు రాకముందు మా ఊళ్లో లేతును మనిషే తిప్పేవాడు. కర్ర బిగించిన ఇరుసుకు తాడు చుట్టి, రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని ఒకరు అటూ ఇటూ లాగుతుంటే ఎదురుగా కూర్చున్న పనివాడు ఉలి పెట్టేవాడు. ఆ లాగేది ఇంటావిడ, లేకపోతే గుంటడు. మా వైపు మగపిల్లాణ్ని గుంటడనే అంటాం, అందులో తిట్టేమీ లేదు. కర్ర తన వైపు తిరిగినప్పుడే ఉలి తెగుతుంది. ఎదురు తిరిగినప్పుడు వెంట్రుకవాసి వెనక్కి తీయాలి. అంటే పనివాడి చెయ్యి గుంటడి చేతిని నమ్ముకుని ఉంటుంది. వాడి దృష్టి వీధిలో గోళీల మీదికి పోయిందా, పిడత అంచు చెదిరిపోయేది.

మాది బొమ్మలు చేసే ఇల్లు కాదు. కానీ మా పెరటి గోడ అవతల లేతు ఉండేది. తొమ్మిదేళ్లప్పుడు ఒక వేసవంతా అక్కడ తాడు లాగాను. కూలి ఒక బొంగరం. మొదటి వారం అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ ఇంటి పెద్దాయన నా చేతులు చూసి జాలి పడలేదు. "కళ్లు తాడు మీద కాదురా, నా సేతుల మీద ఎట్టు" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. నెల తిరిగేసరికి ఉలి ఎప్పుడు ఏటవాలుగా పెడతాడో, ఎప్పుడు నిలబెడతాడో, నా చేతులకే ముందు తెలిసేది.

కర్ర అంకుడు. కోస్తే పాలు కారే చెట్టు, ఆరాక తెల్లగా, మెత్తగా ఉలికి లొంగుతుంది. ఆరకుండా చేస్తే తరవాత బీటలు వారుతుంది. అందుకని ప్రతి ఇంటి వసారాలోనూ దుంగలు ఎండుతూ ఉండేవి, వాటి మీద మేం ఎక్కి ఆడుతూ తిట్లు తినేవాళ్లం. ఆకారం వచ్చాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి అదిమి పట్టాలి. రాపిడి వేడికే లక్క కరిగి పరుచుకుంటుంది. ఇక్కడ తాడు జోరుగా, ఒకే ఊపులో నడవాలి. వేగం తగ్గితే లక్క మచ్చలు మచ్చలుగా అంటుకుంటుంది. చివర్లో మొగలి ఆకుతో రుద్దితే వచ్చే మెరుపు చూసి నేనే చేశాననుకునేవాణ్ని. సగం నిజమే కదా.

ఆడపిల్లలకి లక్క పిడతలు: చిన్న పొయ్యి, కుండ, చెంబు, తిరగలి. మగపిల్లలకి బొంగరాలు. ఇవన్నీ బుట్టలకెత్తి తీర్థాలకి తీసుకెళ్లేవాళ్లు. జాతరని మా వైపు తీర్థమంటాం. అనకాపల్లి నూకాలమ్మ తీర్థమంటే ఆ వేసవి పనంతా దాని కోసమే అన్నట్టుండేది. గోనెపట్టా మీద సరుకు పరిచాక పెద్దాయన వెనక్కి జరిగి చుట్ట వెలిగించేవాడు. ముందు కూర్చునేది గుంటలే. చేసినవాడు బేరమాడలేడు. తను రెండు రోజులు కూర్చున్న వస్తువుని ఎవరో మూతి విరిచి పక్కన పడేస్తే కోపం వస్తుంది, కోపం వస్తే సరుకు పోదు. గుంటడికి ఆ బాధ లేదు. పైగా కొనే చేతులు కూడా పిల్లలవే. ఏ బొమ్మ కోసం ఏ పిల్ల నేల మీద పడి ఏడ్చిందో, ఏ రంగు దగ్గర చెయ్యి ఆగిందో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇంటికొచ్చి "పసుపుచారల బొంగరాలు ముందు అయిపోయాయి తాతా" అంటే, మర్నాడు లేతు మీద పసుపుచారలే.

తరవాత షావుకార్లు గ్రోసుల లెక్కన ఆర్డర్లివ్వడం మొదలైంది. గ్రోసంటే నూట నలభై నాలుగు, అన్నీ ఒకేలా ఉండాలి. తీర్థానికి పోయే పని తగ్గింది. కొనేవాళ్ల ముఖం చూసే గుంటడూ లేడు. చవగ్గా, గాఢంగా ఉండే రసాయనపు రంగులు వచ్చాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులు కదా అని అప్పట్లో ఊళ్లో ఎవరూ పెద్దగా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగుల్ని మళ్లీ లక్కలోకి ఎక్కించింది మా ఊరి సి.వి. రాజుగారు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే, 2017లో, మా బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మా బొమ్మలదే, మూడో బహుమతి కూడా కొట్టింది. అయినా నగరాల్లో దుకాణానికెళ్తే "చన్నపట్నం బొమ్మలా?" అని అడుగుతారు. నేను ఆగి మరీ సరిదిద్దుతాను, మా ఆవిడ చెయ్యి పట్టి లాగేదాకా.

అమ్మకం ఇప్పుడు కాగితాల పని కూడా. 2021 జనవరి నుంచి దేశంలో ఆటవస్తువులకి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరైంది. ఒక్కో రకం పిడతనీ పరీక్షకి పంపాలంటే మా వసారాలన్నీ మూతపడేవి. నమోదైన హస్తకళాకారులకీ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు కాబట్టి సరిపోయింది.

మోటారు గుంటల చేతుల్ని విడిపించింది. దానికి నేను దణ్ణం పెడతాను. వాళ్లు బడికి పోయారు, కొందరు అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో షిఫ్టులకి పోతున్నారు, నెల తిరిగితే జీతం. అయితే పని నేర్పడానికి మా ఊళ్లో వేరే ఏర్పాటేదీ ఉండేది కాదు. ఆ తాడే నేర్పేది. మోటారుకి ఎదురుగా కూర్చుని ఉలిని చూడాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

పోయిన సంక్రాంతికి మనవణ్ని తీసుకుని ఆ గోడ అవతలికెళ్లాను. పెద్దాయన మనవడు లేతు మీద ఉన్నాడు. వాడి కొడుకు ఫోన్లో బొమ్మల ఫొటోలు తీసి ఎవరికో పంపుతున్నాడు. బెంగుళూరు ఆర్డరట. ఆ పిల్లాడు ఒక్కో బొమ్మని వెలుతురుకి తిప్పి చూస్తుంటే తీర్థంలో గోనెపట్టా మీద కూర్చున్న గుంటలే గుర్తొచ్చారు. "బొంగరాలున్నాయా?" అన్నాను. చూపించాడు. కింద మొన కూడా కర్రదే, బల్ల మీద వేళ్లతో తిప్పుకునేవి. "ఇవి కావురా బాబూ, మేకుది" అన్నాను. తండ్రి నవ్వి మోటారు ఆపి, ఒకటి చేసి ఇచ్చాడు. మేకు కోసం అరగంట డబ్బాలన్నీ వెతికాడు. తీరా చుట్టడానికి ఆ ఇంట్లో తాడు లేదు. మా మనవడు గుమ్మంలో కూర్చుని బూటు లేసు విప్పడం మొదలెట్టాడు.