అరవింద్ ఎదుగుదలకు అడ్డుపడిన లెన్స్

మదురైలో 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి, మొదట సర్జన్ సమయాన్ని ఆదా చేయడంపై దృష్టి పెట్టింది. పక్కపక్కనే రెండు బల్లలు. ఒకరికి ఆపరేషన్ జరుగుతుండగానే, శిక్షణ పొందిన గ్రామీణ యువతులు మరో రోగిని సిద్ధం చేస్తారు. రోగులు పెరిగాక అసలు చిక్కు కంట్లో అమర్చే లెన్స్ దగ్గర వచ్చింది. దిగుమతి లెన్స్ పేదలకు అందదు. అది లేకుంటే శుక్లం తీశాక సోడాబుడ్డి కళ్లద్దాలే గతి. అవి పగిలితే చూపు మళ్లీ మసకే. విరాళంగా వచ్చే లెన్సులనే నమ్ముకుంటే విస్తరణ దాతల చేతిలో ఉంటుంది. అందుకే 1992లో ఆరోలాబ్ పేరుతో విడి సంస్థ పెట్టి తయారీకి దిగింది. వంద డాలర్ల స్థాయి ధర పది డాలర్ల లోపుకు వచ్చింది. లెన్స్ కొత్తదేమీ కాదు, నిజమే. తనను ఆపుతున్న వస్తువును సరిగ్గా గుర్తించడమే ఇక్కడ వ్యూహం. కుట్టు దారాలు, కంటి మందుల తయారీ ఆ తర్వాతే మొదలైంది.