కుంట పూడికలో నిలిచిన జీవం

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా శామీర్‌పేట మండలంలోని తూంకుంట పరిసరాలు దక్కన్ గ్రానైటు నేలలు. ఏడాది పొడవునా పారే నది ఇక్కడ లేదు. అందుకే పల్లానికి అడ్డంగా కట్ట పోసి వాననీటిని నిలిపే కుంటలు, చెరువులే సేద్యానికి దిక్కయ్యాయి. కాకతీయుల కాలంలో తెలంగాణ అంతటా విస్తరించిన ఈ పద్ధతి కుతుబ్‌షాహీల, అసఫ్‌జాహీల ఏలుబడిలోనూ కొనసాగింది. తూము తెరిచి మడులకు నీరు పంచే బాధ్యత నీరటిది.

పెద్ద చెరువులో వేసవిలోనూ కాస్త నీరుంటుంది. చిన్న కుంట మాత్రం రోహిణి కార్తె నాటికి నెర్రెలు బారుతుంది. అప్పుడు రైతులు శిఖంలోని, అంటే కుంట అడుగు నేలలోని, ఒండ్రును తవ్వి ఎడ్లబండ్లపై పొలాలకు తోలుకునేవారు. చేనుకు సత్తువ, కుంటకు లోతు రెండూ దక్కేవి. పారతో తవ్వి బండికెత్తే పని కాబట్టి కుంట అడుగంతా ఒకే ఏడాది లేచిపోయేది కాదు.

ఎండిన ఆ అడుగులో జీవం ఆగి ఉంటుంది. నత్తలు మూత బిగించుకుని బురదలో వేసవి గడుపుతాయి. డాఫ్నియా అనే చిన్న నీటిజీవి గుడ్లు జీను ఆకారపు తొడుగులో భద్రంగా ఉంటాయి. వానకుంటలకే ప్రత్యేకమైనది ఫెయిరీ ష్రింప్. పైపెంకు లేని ఈ చిన్న జీవి పదకొండు జతల కాళ్లను ఆడిస్తూ వెల్లకిలా ఈదుతుంది. దక్షిణ భారతంలో కనిపించే స్ట్రెప్టోసెఫాలస్ డైకోటోమస్ జాతిని జీవశాస్త్రవేత్త బెయిర్డ్ 1860లో వర్ణించాడు. ఆడది గుడ్లను పొట్ట కింది సంచిలో మోస్తుంది. లోపలి పిండం కొంత ఎదిగి ఆగిపోతుంది, గట్టి పెంకు దాన్ని ఎండ నుంచి కాపాడుతుంది. తొలకరి నీటికి కొన్ని గుడ్లే పొదుగుతాయి. వానలు ముఖం చాటేసి కుంట మళ్లీ ఎండినా, మిగిలినవి తరువాతి వానకు వంశం నిలుపుతాయి.

ఇలా ఎండిన జీవులు నీటితో తిరిగి కదలడాన్ని డచ్ శాస్త్రవేత్త లీవెన్‌హుక్ 1702లోనే రోటిఫర్లనే సూక్ష్మజీవుల్లో గమనించాడు. అమెరికా సరస్సుల అడుగు మట్టిలోని మూడు వందల ఏళ్లకు పైబడిన కోపెపాడ్ అనే చిన్న నీటిజీవి గుడ్లు పొదిగాయని 1995లో వెల్లడైంది.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ పథకం 46,531 చెరువులు, కుంటల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. పారల స్థానంలో జేసీబీలు, బండ్ల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. నీటి నిల్వ పెరగడానికి పూడికతీత అవసరమే. అయితే పొదగగల గుడ్లలో ఎక్కువ భాగం పై కొద్ది సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. ఆ పొర పూర్తిగా పొలాలకు తరలితే కుంట నీటితో నిండినా పాత జీవులు వెంటనే తిరిగి రావు. లోతు పెరిగి ఏడాదంతా నీరు నిలిచి, చేపలు చేరితే ఫెయిరీ ష్రింప్‌కు అసలే చోటుండదు.

కాలిఫోర్నియాలో కొత్తగా తవ్విన వానగుంటల్లో పాత గుంటల మట్టిని చల్లి ఈ జీవులను నిలబెడుతున్నారు. ఇక్కడా పై పొరను విడిగా తీసి, పొడిగా ఉంచి, పని ముగిశాక అదే కుంటలో పరచవచ్చు. పూడికతీత అంచనాల్లో ఈ పనికీ చోటివ్వాలి.